గౌతమి దాటి వెళ్ళినవాళ్ళకు ఒక ఇల్లు



తెల్లవారుజామున రావులపాలెం సెంటర్లో ఎప్పుడైనా నిలబడ్డారా? ఒక పక్క అరటి మార్కెట్టుకి గెలలు దిగుతుంటాయి. లంకల నుంచి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి సైకిళ్ళ మీద, ఆటోల్లో, ట్రాక్టర్లలో వస్తాయి. కర్పూరం ఒక వరస, చక్కరకేళి ఒక వరస, కూరకి బొంత వేరే. ఇంకో పక్క బస్సు కోసం కాచుకున్న కుటుంబాలుంటాయి. వాళ్ళ మధ్య ఒక పెద్ద పెట్టె ఉంటుంది. దానికి నైలాన్ తాడు బిగించి, పైన అట్టముక్క అంటించి, పేరూ ఫోను నెంబరూ రాసి, కింద కువైట్ అనో మస్కట్ అనో లావుపాటి అక్షరాలతో రాస్తారు. ఆ పెట్టె ఎక్కువగా ఏ ఇంటి ఇల్లాలిదో అయి ఉంటుంది. పిల్లలు నిద్రమొహాలతో అమ్మమ్మ కొంగు పట్టుకుని ఉంటారు. బస్సు వస్తుంది, పెట్టె డిక్కీలోకి వెళుతుంది, ఆవిడ కిటికీ దగ్గర కూర్చుంటుంది. అరటి గెల ఏ ఊరు వెళ్ళిందో, ఎంతకి అమ్ముడుపోయిందో మన దగ్గర చీటీ ఉంటుంది. ఈవిడ వెళ్ళినందుకు మన ఊళ్ళో ఏ కాగితం మిగులుతుంది? ఈ ప్రసంగం ఆ విషయం గురించే.

ముందు దూరపు ఊరు ఒకటి చూసి వద్దాం. ఆ మధ్య న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, న్యూయార్కు నగరంలోనే ఒక భాగమైన స్టాటెన్ ఐలాండ్‌కి తీసుకెళ్ళాడు. అక్కడ రోజ్‌బ్యాంక్ అనే పేట, టాంప్కిన్స్ అవెన్యూ అనే వీధి. ఆ వీధిలో చిన్న చెక్క ఇల్లు. ఏటవాలు కప్పు, మొనదేలిన ముఖభాగం, ముందు కాస్త ఖాళీ జాగా. మన పల్లెల్లో ఒక మోస్తరు రైతు ఇంటికన్నా పెద్దదేమీ కాదు. దాని పేరు గరిబాల్డీ - మ్యూచీ మ్యూజియం. ఇటలీ నుంచి అమెరికా వలస వెళ్ళినవాళ్ళ జ్ఞాపకంగా, ఆ వలసవాళ్ళ సంఘమే దాన్ని కాపాడుకుంటూ వస్తోంది.

ఆ ఇంట్లో అద్దెకి దిగినవాడు ఆంటోనియో మ్యూచీ. 1808లో ఫ్లారెన్సులో పుట్టాడు. నాటకశాలలో తెర వెనక యంత్రాలు చూసుకునే పని. అక్కణ్ణించి క్యూబాలో హవానా నగరం వెళ్ళి అక్కడి నాటకశాలలో పని చేశాడు. 1850లో భార్య ఎస్తేర్‌తో కలిసి న్యూయార్కు చేరాడు. ఆ ఏడాదే, రోమ్ కోసం చేసిన పోరాటంలో ఓడిపోయి, భార్యని పోగొట్టుకుని, ఉండటానికి నీడ లేక గరిబాల్డీ కూడా అక్కడికి వచ్చాడు. మ్యూచీ ఆయన్ని తన ఇంట్లో పెట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి కొవ్వొత్తులు పోశారు. ఆ తర్వాత ఇటలీని ఏకం చేసిన సేనాని ఒకప్పుడు అక్కడ చేతులు కాల్చుకుంటూ కొవ్వొత్తులు చేసి పొట్టపోసుకున్నాడంటే చూసేవాళ్ళకి ఒళ్ళు పులకరిస్తుంది. 1851లో ఆయన వెళ్ళిపోయాడు. మ్యూచీ మాత్రం 1889లో చనిపోయేదాకా ఆ చుట్టుపక్కలే ఉన్నాడు.

ఎస్తేర్‌కి కీళ్ళవాతం వచ్చి మంచం పట్టింది. మేడమీది గదిలో ఆవిడ, కింద పనిగదిలో ఈయన. పిలిస్తే వినపడాలి కదా. కింది నుంచి పైకి తీగ లాగి, మాట తీగ మీద వెళ్ళే సాధనం తయారుచేశాడు. 1871లో దాని కోసం ప్రభుత్వ కార్యాలయంలో ముందస్తు నమోదు పత్రం దాఖలు చేశాడు. అదే ఏడాది ఒక రేవు పడవలో బాయిలరు పేలి ఒళ్ళంతా కాలి నెలల తరబడి మంచాన పడ్డాడు. ఇంట్లో తిండికి లేక, ఆయన చేసిన నమూనాలను భార్య పాత సామాన్లవాడికి కొద్ది డాలర్లకే అమ్మేసింది. నమోదు పత్రాన్ని ఏటా పొడిగించుకోవడానికి పది డాలర్లు కట్టాలి. 1874 తర్వాత ఆ పదీ కట్టలేకపోయాడు. 1876లో టెలిఫోను పేటెంటు గ్రాహం బెల్‌కి దక్కింది. ఆ తగాదా కోర్టుల్లో చాలాకాలం నడిచింది, పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. 2002లో అమెరికా ప్రతినిధుల సభ మ్యూచీ కృషిని గుర్తించాలని ఒక తీర్మానం చేసింది. మనిషి పోయి అప్పటికి 113 ఏళ్ళు.

ఆ ఇల్లు ఎలా నిలబడిందో కూడా చెప్పాలి. మొట్టమొదట దానికి గౌరవం దక్కింది గరిబాల్డీ పేరు మీద. 1907లో ఇంటిని ఇప్పుడున్న చోటికి జరిపి, ఆయన స్మారకంగా దాని చుట్టూ స్తంభాల మండపం కట్టారు. తర్వాత ఆ మండపాన్ని తీసేసి, ఇంటిని బాగుచేసి, 1956లో మ్యూజియంగా తెరిచారు. ఏడాది కూడా ఉండని సేనాని వల్ల ఇల్లు బతికింది. ఆయుష్షులో సగం అక్కడ గడిపిన వలస మనిషి ఆ నీడలోనే మెల్లగా బయటికి వచ్చాడు. నేను అక్కడ ఎక్కువసేపు నిలబడింది మ్యూచీ తన చేత్తో చేసుకున్న కుర్చీల దగ్గర. చెట్టుకొమ్మల్ని వంకరలు వంకరలుగానే వాడి, బెరడు చాయ పోకుండా బిగించిన కుర్చీలు. దుకాణంలో కొనే తాహతు లేని మనిషి ఇల్లు ఇల్లులా ఉండాలని పడిన తపన అందులో ఉంది. 1880 నుంచి 1920 మధ్య దాదాపు 40 లక్షల మంది ఇటలీవాళ్ళు అమెరికా వెళ్ళారు. చాలామంది దక్షిణ ఇటలీ పల్లెల నుంచి వచ్చిన కూలీజనం. వాళ్ళకి ఓడ ఖర్చు ముందుగా ఇచ్చి, పనిలో పెట్టి, జీతంలో కోసుకునే దళారిని పద్రోనే అనేవాళ్ళు. ఈ మాట చదవగానే నాకు మన మేస్త్రీ గుర్తుకొచ్చాడు. అప్పిచ్చి కూలీలని రంగం, అంటే బర్మా, తీసుకెళ్ళిన మేస్త్రీ.

ఇక మన గోదావరికి వద్దాం.

రావులపాలెం వంతెన కింద పారే గౌతమి పాయ వెంట దిగువకి వెళితే యానాం వస్తుంది. ఆ పక్కన కోరంగి. ఇప్పుడు కోరంగి అంటే పిల్లలకి మడ అడవులు, పడవ షికారు. ఒకప్పుడు అది ఓడలు కట్టే ఊరు, బంగాళాఖాతంలో పేరున్న రేవు. యానాం అప్పట్లో ఫ్రెంచివాళ్ళది. 1828లోనే యానాం నుంచి కొద్దిమంది తెలుగు కూలీలు హిందూ మహాసముద్రంలోని బూర్బోన్ దీవికి, ఇప్పుడు రీయూనియన్ అంటున్న దీవికి, ఓడ ఎక్కారు. భారతదేశం నుంచి చెరుకుతోటలకి ఒప్పందం మీద వెళ్ళిన కూలీల్లో తొలివాళ్ళ వరసలో వాళ్ళున్నారు. మన గౌతమి ఒడ్డువాళ్ళు! మన పాఠ్యపుస్తకాల్లో ఈ సంగతి నాకు ఎక్కడా కనిపించలేదు.

ఆ తర్వాత మారిషస్. అక్కడ బానిసత్వం 1835లో రద్దయింది. చెరుకు నరకడానికి మనుషులు కావలసివచ్చారు. నెలకి అయిదు రూపాయల జీతం, తిండి బియ్యం, అయిదేళ్ళ ఒప్పందం. కోరంగి నుంచి ఓడలు ఎక్కినవాళ్ళు ఎందుకు ఎక్కారో తెలియాలంటే అప్పటి గోదావరి సీమ ఎలా ఉండేదో ఊహించుకోవాలి. ఇప్పటి పచ్చదనం చూసి ఊహించలేం. 1832-33లో డొక్కల కరువు. 1839 నవంబరులో కోరంగి మీద విరుచుకుపడిన తుఫాను, ఉప్పెన. నదినిండా నీళ్ళున్నా పొలానికి చుక్క ఎక్కని కాలం. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పని మొదలుపెట్టింది 1847లో, పూర్తయింది 1852లో. మారిషస్‌కి తొలి ఓడలు ఎక్కినవాళ్ళు ఆ ఆనకట్ట కంటే ముందు ఆకలితో పోయినవాళ్ళు. మనం కాటన్ దొర విగ్రహాలు ఊరూరా పెట్టుకున్నాం, పెట్టుకోవలసిందే. ధవళేశ్వరంలో ఆయన పేర మ్యూజియం ఉంది. రాజమండ్రిలో వీరేశలింగంగారి ఇల్లు ఉంది, దామెర్ల రామారావుగారి చిత్రాలకి గ్యాలరీ ఉంది. అవన్నీ చూసి గర్వపడతాం. అయితే నీళ్ళు రాకముందు ఊరొదిలినవాడికి మన దగ్గర ఒక్క రాయి కూడా లేదు.

మారిషస్‌లో ఉంది. పోర్ట్ లూయీ రేవులో ఆప్రవాసీ ఘాట్. 1849లో కట్టిన కూలీల డిపో. ఓడ దిగినవాళ్ళు చిన్న పడవల్లో వచ్చి రాతిమెట్లు ఎక్కి డిపోలోకి వెళ్ళేవాళ్ళు.  ఆ మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆస్పత్రి గదులు, వంటశాల, మరుగుదొడ్ల పునాదులు, కాపలాదారు గది, ఇలా కట్టడంలో మిగిలింది కొద్దిగానే. ఆ కొద్దిదాన్నే జాగ్రత్తగా కాపాడారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 1834 నవంబరు 2న తొలి ఓడ కూలీలు దిగారు కాబట్టి ఆ దేశంలో నవంబరు 2 సెలవు దినం. మారిషస్‌లో దిగినవాళ్ళందరూ కలిపి దాదాపు నాలుగున్నర లక్షలు. వాళ్ళలో ఎక్కువమంది భోజ్‌పురీ ప్రాంతంవాళ్ళు. తమిళులున్నారు, మరాఠీలున్నారు, మనవాళ్ళున్నారు. తెలుగువాళ్ళని అక్కడ చాలాకాలం కోరంగీలనే పిలిచారు. ఓడ ఎక్కిన రేవు పేరే జాతి పేరయిపోయింది.

వాళ్ళని దింపుకున్నప్పుడు ఒక్కొక్కరికీ ఒక నెంబరు ఇచ్చి చిట్టాలో ఎక్కించేవాళ్ళు. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీద గుర్తు, కులం, జిల్లా, గ్రామం. 1860ల నుంచి ఫొటోలు కూడా తీశారు. చెప్పులు లేని కాళ్ళు, భుజం మీద గుడ్డ, కెమెరా అంటే ఏమిటో తెలియని చూపు. ఆ చిట్టాలు మోకా పట్టణంలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. మునిమనవడు వెళ్ళి నెంబరు చెబితే ముత్తాత పేజీ తీసి చూపిస్తారు. దొరలు ఆ చిట్టాలు రాసింది ప్రేమతో కాదు, కూలీ పారిపోతే పట్టుకోవడానికి. అయినా మనుషుల ఊరు పేర్లు మిగిలింది అందులోనే. దేశం స్వతంత్రమయ్యాక మారిషస్ ప్రజలు ఆ పెత్తనపు కాగితాన్నే తమ వంశవృక్షంగా మార్చుకున్నారు. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు. రామభజనలున్నాయి, అమ్మోరు పండగ ఉంది, సింహాద్రి అప్పన్న పూజ ఉంది. బళ్ళో తెలుగు చెబుతారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. ఇంట్లో మాట్లాడే భాష క్రియోల్ అయినా, దేవుడి దగ్గర పాట తెలుగులో పాడతారు.

బర్మా కథ దీనికంటే మనకి చాలా దగ్గర. మారిషస్ వెళ్ళినవాడు తిరిగి రావడం అరుదు. బర్మా వెళ్ళినవాడు వస్తూ పోతూ ఉండేవాడు. మా పెద్దవాళ్ళకి అది రంగం. రంగం వెళ్ళాడు, రంగం డబ్బు, రంగం పెట్టె. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి రేవుల నుంచి బీఐ (బ్రిటిష్ ఇండియా) కంపెనీ స్టీమర్లు నడిచేవి. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలోనే ఒక భాగం. డెక్కు మీద చాప పరుచుకుని వెళ్ళిపోయేవాళ్ళు. అక్కడ ఇరావతి డెల్టాలో వరి కోతలు, రంగూన్‌లో బియ్యం మిల్లులు, రేవులో మూటల మోత, వీధుల్లో రిక్షా. వరి చేను, బురద, కాలువ, పడవ ఇవన్నీ మన గోదావరి మనిషికి పుట్టినప్పటినుంచీ తెలిసినవే, అందుకే ఆ పని పట్టుబడింది. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. వాళ్ళలో రేవు కూలీలంటే ప్రధానంగా తెలుగువాళ్ళు.

1930 మే నెలలో ఆ రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు బర్మా కూలీలని పనిలోకి దింపారు. సమ్మె తీరిపోయి మనవాళ్ళు పనిలోకి రాగానే బర్మావాళ్ళని వెళ్ళిపొమ్మన్నారు. రెండు ఆకలి కడుపుల మధ్య కత్తులు లేచాయి. వందకు పైగా మనుషులు చచ్చిపోయారు, అందులో మనవాళ్ళే ఎక్కువ. పోట్లాట పెట్టినవాడు రేవు ఆఫీసులో కూర్చున్నాడు, రక్తం ఓడిన ఇద్దరూ మూటలు మోసేవాళ్ళే. బర్మా వలస అంటే పట్టుపంచెలు, బంగారం గొలుసులు మాత్రమే చెప్పుకునే వాళ్ళకి ఈ మాట గుర్తుచేస్తుంటాను.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవు పని స్తంభించింది. ఓడ దొరికినవాడు ఓడ ఎక్కాడు. దొరకనివాళ్ళు 1942లో అడవుల్లో, కొండల్లో పడి నడిచారు. కొందరు అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగ్ వైపు, కొందరు తము మీదుగా ఇంఫాల్ వైపు. లక్షలమంది నడిస్తే దారిలో కలరాతో, మలేరియాతో, ఆకలితో వేలకు వేలమంది పోయారు. మా అమ్మమ్మ అన్నగారు ఆ నడకలో బతికి వచ్చినవాళ్ళలో ఒకరు. ఆయన దాని గురించి మాట్లాడటం మేం ఎన్నడూ వినలేదు. అన్నం వదిలేస్తే మాత్రం పిల్లల్ని కోప్పడేవారు.

ఆయన తెచ్చినది ఒకే వస్తువు. లక్క పూత వేసిన తాంబూలం పెట్టె. గుండ్రంగా, పొడుగ్గా, గుప్పెట్లో పట్టనంత లావు. వెదురు బద్దల్ని దారమంత సన్నగా చీల్చి అల్లి, దానిమీద నల్లటి లక్క పొరలు పొరలుగా ఎక్కించి, సూదిమొనతో గీరి, ఆ గీతల్లో ఎరుపూ పసుపూ నింపారు. మూత తీస్తే లోపల పళ్ళెంలాంటి అర. ఆ అర ఎత్తితే ఇంకో అర. కింద ఆకులు, పైన వక్కలూ సున్నమూ. చేత్తో నొక్కితే కొద్దిగా వంగి మళ్ళీ నిటారుగా నిలబడుతుంది, అంత పలుచటి అల్లిక. అంచు దగ్గర లక్క పెచ్చు లేచి వెదురు కనపడుతుంది. ఇప్పుడది మా ఇంట్లో బీరువా మీద ఉంది. నా తర్వాత దాని కథ చెప్పేవాళ్ళు ఎవరన్నది నా బెంగ. ఎవరో వచ్చి, భలే ఉందండీ, షోకేసులో పెట్టుకోవచ్చు అంటారు. అప్పుడు అది వట్టి బర్మా పెట్టె అయిపోతుంది.

అడవి దారుల్లో నడిచిన ఆ తరంతో బర్మా వలస ఆగిపోలేదు. యుద్ధం అయ్యాక కొందరు మళ్ళీ వెళ్ళారు. 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది, 1964 నాటికి దుకాణాలన్నీ జాతీయం చేశారు. పెద్ద నోట్లు రద్దయ్యాయి. అప్పుడు కట్టుబట్టలతో తిరిగొచ్చిన కుటుంబాలకి పునరావాసాలు ఏర్పడ్డాయి. విశాఖపట్నంలో బర్మా క్యాంపు పేరు ఇప్పటికీ నడుస్తోంది.

బర్మా డబ్బు మన ఊళ్ళలో ఏమైందో చూడాలంటే మండువా లోగిళ్ళు చూడాలి. కోనసీమలో పాత ఇల్లంటే నాలుగు వైపులా పెంకుటికప్పు, మధ్యలో ఆకాశం కనపడే మండువా, వానొస్తే నాలుగు చూరుల నీళ్ళూ అందులోకే. చుట్టూ వసారా, ఆ వసారాకి స్తంభాలు. ఈ కలప కొంత భద్రాచలం ఏజెన్సీ నుంచి గోదావరి మీద తెప్పలు కట్టి వచ్చింది. కొంత బర్మా టేకు, ఓడల మీద కాకినాడ చేరి, అక్కణ్ణించి కాలువల మీద పడవల్లో లాకులు దాటుకుంటూ వచ్చింది. బర్మా టేకు స్తంభం మీద చెయ్యి వేస్తే నూనె రాసినట్టు నున్నగా తగులుతుంది. వందేళ్ళకి కూడా చెదపట్టదు. ఆ ఇళ్ళు ఇప్పుడు ఒక్కొక్కటిగా పోతున్నాయి. వాటాలు తేలవు, పిల్లలు విదేశాల్లో ఉంటారు, కప్పు నేయించడానికి పనివాళ్ళు దొరకరు. పాత కలప కొనేవాళ్ళు వస్తారు. స్తంభాలు, ద్వారబంధాలు, గడపలు విడివిడిగా నెంబర్లు వేసి లారీ ఎక్కిస్తారు. అవి ఏ నగరం శివారులోనో విడిదిభవనంలో, హోటల్లో నిలబడతాయి. మా బంధువుల లోగిలి అలాగే వెళ్ళిపోయింది. ఇంట్లోవాళ్ళని నేను తప్పుపట్టను. ఆ ఇల్లు నిలబెట్టుకోవడం ఒక కుటుంబం వల్ల అయ్యే పని కాదు. అది ఊరు చెయ్యవలసిన పని.

నేను అడిగేది ఇదే. ఇలాంటి మండువా లోగిలి ఒకటి, ఒక్కటంటే ఒక్కటి, కోనసీమలో వలస వెళ్ళినవాళ్ళ ఇల్లుగా మిగలాలి. స్టాటెన్ ఐలాండ్‌లో ఇటలీవాళ్ళ ఇంటిని మొదట ఒక మహావీరుడి పేరు కాపాడింది. మన ఇంటికి అలాంటి పేరు ఉండదు. కోరంగిలో ఓడ ఎక్కిన కూలీకి, రంగూన్ రేవులో మూట మోసినవాడికి, కువైట్‌లో ఇల్లు ఊడ్చిన ఆవిడకి గరిబాల్డీ లేడు. అందుకే మనం పట్టుబట్టి చెయ్యాలి. పెద్ద భవనం అక్కర్లేదు, ఏసీ హాళ్ళు అక్కర్లేదు. ఇల్లే ప్రదర్శన కావాలి. ఆ స్తంభం ఎక్కణ్ణించి వచ్చిందో స్తంభం పక్కనే రాసి ఉండాలి. తూర్పు వసారాలో మారిషస్, రీయూనియన్. అక్కడి చిట్టాల నకళ్ళు తెప్పించి మన జిల్లా ఊళ్ళ పేర్లు ఉన్న పేజీలు పెట్టాలి. పడమటి వసారాలో బర్మా. మేస్త్రీల ఖాతా పుస్తకాలు, ఓడ టిక్కెట్లు, మనియార్డరు ముక్కలు, మా ఇంట్లో ఉన్నలాంటి తాంబూలం పెట్టెలు.

ఇంకో వసారా గల్ఫుది. దాని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే దాన్ని మ్యూజియంలో పెట్టవచ్చని మనకి తట్టదు. 1970ల్లో చమురు ధర పెరిగినప్పటి నుంచి గోదావరి జిల్లాల మనుషులు గల్ఫుకి వెళుతూనే ఉన్నారు. మగవాళ్ళు తాపీ పనికి, డ్రైవింగుకి. ఆడవాళ్ళు ఇంటిపనికి. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు దాదాపు 1,70,000 మంది భారతీయులు బస్సుల్లో ఎడారి దాటి జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాల్లో ఇల్లు చేరారు. అందులో మన ఊళ్ళవాళ్ళున్నారు. 1942 నడక తర్వాత మనవాళ్ళు చేసిన ఇంకో పెద్ద తిరుగు ప్రయాణం అది. మన ఇళ్ళల్లో వాళ్ళింకా బతికే ఉన్నారు. అడిగితే చెబుతారు. మనం అడగలేదు.

సెల్‌ఫోన్లు లేని రోజుల్లో గల్ఫు నుంచి ఉత్తరం బదులు క్యాసెట్టు వచ్చేది. ఇంటిపనికి వెళ్ళిన ఆవిడకి రాయడం రాదు, ఇంట్లోవాళ్ళకి చదవడం రాదు. అక్కడ టేపులో మాట్లాడి, ఊరికి వచ్చే మనిషి చేతికి ఇచ్చి పంపేది. ఇక్కడ టూ ఇన్ వన్ టేపురికార్డరు చుట్టూ ఇంటిల్లిపాదీ చేరేవారు. పిల్లాడికి జ్వరం తగ్గిందా, గేదె ఈనిందా, అప్పు వాయిదా కట్టారా, అమ్మకి కంటి ఆపరేషను చేయించండి. మధ్యలో ఆవిడ ఆగి ముక్కు చీదుకునేది, వెనక అరబిక్‌లో ఎవరో పిలిచేవాళ్ళు, బటన్ నొక్కిన టక్కుమనే చప్పుడు, మళ్ళీ మాట. రెండో వైపు ఇంట్లోవాళ్ళు మాట్లాడి తిరిగి పంపేవాళ్ళు. రేడియోలో పనిచేసేవాళ్ళకి గొంతు విలువ చెప్పనక్కర్లేదు. ఆ క్యాసెట్లు మన డెల్టా చరిత్రకి మారిషస్ చిట్టాలంత విలువైనవని నా నమ్మకం. చిట్టాలో దొర రాసిన మాటలుంటాయి. క్యాసెట్టులో ఆవిడ గొంతే ఉంటుంది.

ఆ క్యాసెట్లు ఇప్పుడు అటకల మీద ఉన్నాయి. మన తేమకి టేపు మీద తెల్లటి బూజు పడుతుంది, చుట్టలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కాబట్టి ఇల్లు ఎప్పుడు దొరుకుతుంది, నిధులు ఎవరిస్తారు అని కూర్చోకుండా ముందు చెయ్యవలసిన పని ఒకటుంది. వాటిని ఎండలో పెట్టకండి. బూజు పట్టినదాన్ని పాత టేపురికార్డరులో పెట్టి తిప్పకండి, తెగిపోతుంది. చల్లటి, పొడి చోట, నిలువుగా పేర్చండి. మీ ఊళ్ళో కంప్యూటరు తెలిసిన కుర్రాళ్ళకి చెబితే మంచిగా ఉన్నవాటిని పెన్‌డ్రైవులోకి ఎక్కిస్తారు. ఫొటోల వెనక పెన్నుతో కాకుండా మెత్తటి పెన్సిలుతో, ఎడమనుంచి ఎవరెవరో రాయండి. పాత పాస్‌పోర్టు పారెయ్యకండి, కాలం తీరినా సరే. అందులో వీసా ముద్రలున్నాయి, అది మీ అమ్మ ప్రయాణాల చిట్టా.

ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే పక్కన కూర్చుని అడగండి. ఏ ఏడు వెళ్ళారు? ఎవరు తీసుకెళ్ళారు, అతనికి ఎంత ఇచ్చారు, ఆ డబ్బు ఎక్కడ అప్పు తెచ్చారు? మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నారు? అక్కడ వంట ఏం చేశారు, ఆవకాయ తీసుకెళ్ళారా? మొదటి జీతంతో ఏం కొన్నారు? తిరిగొచ్చిన రోజు ఊళ్ళో మొదట ఎవరు కనిపించారు? జవాబులు సెల్‌ఫోన్‌లో రికార్డు చెయ్యండి. తారీఖు, ఊరు పేరు, చెప్పినవారి పేరు మొదట్లోనే మీ గొంతుతో చెప్పి పెట్టుకోండి. ఒక నకలు మీ ఊరి గ్రంథాలయానికి ఇచ్చి రసీదు తీసుకోండి. గ్రంథాలయంలో పెట్టడానికి చోటు లేదంటే, బడిలో తెలుగు మాస్టారినో టీచరమ్మనో అడగండి. పదో తరగతి పిల్లలకి ఇంతకంటే మంచి ప్రాజెక్టు పని ఉండదు.

ఈ ఆదివారం మీ ఇంట్లోనే మొదలుపెట్టండి. మండువా లోగిలి అమ్మకానికి పెట్టబోతున్న పెద్దలెవరైనా ఈ మాటలు వింటుంటే, కలప కొనేవాడితో మాట్లాడేముందు ఒక్కసారి మీ ఊరి పంచాయతీలో ఈ సంగతి ప్రస్తావించండి.